చీమ కొరికిన రేకు

మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో ఏ ఇంట్లో ఏం కూర ఉడుకుతోందో నాకు వాసనతోనే తెలిసిపోతుంది. వాసన తెలియకపోతే వెళ్లి అడుగుతాను. అలాంటి నాకు, పక్కింటి కన్యక చేసే ఉద్యోగం ఏమిటో చాలా ఏళ్లు సరిగ్గా అర్థం కాలేదు. కంప్యూటర్‌లో నగలు చేస్తుందని అందరూ అనేవాళ్లు. కంప్యూటర్‌లో నగలు ఎలా చేస్తారు, అందులో బంగారం పోస్తారా? ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. తెలియనిది అడగడానికి నాకు సిగ్గు లేదు. ఒక ఆదివారం వడియాల పిండి గిన్నె చేత్తో పట్టుకుని వాళ్ల మిద్దె మీదికి వెళ్తూ, తలుపు తీసి ఉంటే నేరుగా లోపలికి వెళ్లిపోయాను.

కన్యక బల్ల ముందు కూర్చుని ఉంది. తెర మీద ఒక ఉంగరం గాల్లో వేలాడుతూ తనంతట తాను తిరుగుతోంది. వెనక వైపు కూడా కనబడుతోంది, లోపలి గుంట కూడా కనబడుతోంది. నేను గిన్నె కింద పెట్టి ఆమె పక్కన చేరాను. ఇదెప్పుడు బంగారం అవుతుందని అడిగాను. ఆ పిల్ల విసుక్కోకుండా అంతా చెప్పింది. తను గీసినదాన్ని ఒక యంత్రం మైనంతో అచ్చంగా అలాగే తయారుచేస్తుందట. ఆ మైనపు ఉంగరం చుట్టూ సున్నపు ముద్ద పోసి గట్టిపడ్డాక కాలుస్తారట. మైనం కరిగి కారిపోతే లోపల ఉంగరం ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన బంగారం పోస్తారు.

"కావాల్సినదాని కన్నా కొంచెం పెద్దగా గీయాలత్తా. బంగారం ఆరితే కుదించుకుంటాది. నీ వడియం మాదిరి" అంది.

అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి వీధిలో ఎవరు అడిగినా, కన్యక పనేమిటో నేనే వివరించి చెప్పేదాన్ని.

ఆమెకు ముప్పై ఒకటి. సన్నగా ఉంటుంది, దళసరి కళ్లద్దాలు. పొద్దస్తమానం మౌస్ పట్టుకోవడంతో కుడి మణికట్టు నొప్పి పుట్టి, దానికి నల్లని పట్టీ చుట్టుకుంటుంది. పొద్దున తొమ్మిదికల్లా టిఫిన్ డబ్బాతో సౌకార్‌పేటకు బయలుదేరేది. అక్కడ ఒక సందులో, జరీ లేసులు అమ్మే కొట్టు పైన మూడో అంతస్తులో గోపాలస్వామి అనే ఆయన నగల పట్టరై ఉంది. పట్టరై అంటే ఇక్కడి అరవంలో పనిచోటు. ఊళ్లోని పెద్ద పెద్ద నగల షాపులకు నగలు చేసి ఇచ్చేది అక్కడే. కన్యక గీసినవి ఎన్ని మెడల్లో వేలాడుతున్నాయో ఆమెకే తెలియదు. ఒకసారి మా చెల్లెలి మనవరాలి పెళ్లికి తీసుకెళ్తే, పెళ్లికూతురి మెడలోని హారం చూసి నా చెవిలో, అది తన గీతేనని చెప్పింది. ఎవరో ఆడమనిషి ఆ హారం ఎక్కడిదని అడిగితే పెళ్లికూతురి తల్లి షాపు పేరు చెప్పింది. నేను లేచి అసలు సంగతి చెప్పబోయాను. కన్యక నా మోచేయి పట్టుకుని గట్టిగా కూర్చోబెట్టింది. ఆ పనిలో గీసినవాళ్లకు పేరుండదట. నాకు అది చాలా అన్యాయంగా తోచింది. వండిన వాళ్ల పేరు కనీసం తిన్నవాళ్లయినా అడుగుతారు కదా.

ఆమె తండ్రి వెంకటపతి ఆచారి. వాళ్ల తాతగారి కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈడ స్థిరపడ్డ కంసాలులు. ఆచారి గోపాలస్వామి తండ్రి దగ్గర పనికి కుదిరి, కొడుకు దగ్గర కూడా చేసి, మొత్తం నలభై ఏళ్లు అదే పట్టరైలో కూర్చున్నాడు. తరవాత ఈ పోత యంత్రాలు వచ్చాయి, చేతిపని తగ్గింది. రెండు కళ్లకూ శుక్లాలు తీశారు గానీ చూపు పూర్తిగా రాలేదు. ఆయన ఇంటికి వచ్చేసిన ఏడాదే భార్య పోయింది. గోపాలస్వామి, ఆచారి కూతురు కదా అని, కన్యకను తన ఖర్చుతోనే ఆరు నెలలు ఈ కంప్యూటర్ పని నేర్చుకోవడానికి పంపి, తర్వాత తన దగ్గరే పెట్టుకున్నాడు. నేను చెప్పే సంగతి జరిగేనాటికి ఆమె అక్కడ చేరి పదేళ్లయింది.

మా వంటింటి కిటికీ, వాళ్ల ముందు గది కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. సాయంత్రం కన్యక వచ్చి, స్నానం చేసి, తండ్రి ముందు కంప్యూటర్ పెట్టేది. ఆయనకు కనబడేంతవరకు బొమ్మను పెద్దది చేసేది. గులాబీ మొగ్గంత చెవిపోగు గుమ్మడికాయంత అయ్యేది. ఆయన వేలితో తెర మీద తడుముతూ, ఈడ బరువెక్కువ, ఈడ అంచు గుచ్చుకుంటాది అని చెప్పేవాడు. ఆమె సరిచేసేది. తండ్రీకూతుళ్లు ఇలా కలిసి పనిచేస్తుంటే నేను పప్పు కలుపుతూ చూస్తూ ఉండేదాన్ని. రెండు మూడుసార్లు పప్పు అడుగంటింది కూడా.

కిందటేడు ఆమె తనకోసం ఒకటి గీయడం మొదలుపెట్టింది. పట్టరై కంప్యూటర్‌లో కాదు. పాతది ఒకటి సొంతంగా కొనుక్కుని, ఆదివారాలు, పండగ సెలవుల్లో ఇంట్లోనే. ఏం గీస్తున్నావంటే చెప్పకుండా నవ్వేది. ఒక పొద్దున మా వాకిట్లో డ్రమ్ములో పెంచిన నందివర్ధనం చెట్టు దగ్గర నిలబడి, ఒక్క పువ్వు కోసుకోవచ్చా అని అడిగింది. పూజకా అంటే కాదంది. ఇంక నేను ఆగుతానా? వెనకే వెళ్లాను.

మెడను అంటిపెట్టుకుని ఉండే అడ్డిగ అది. ఇరవై మూడు నందివర్ధనాలు. మెడ వెనక గట్టి మొగ్గలతో మొదలై, పక్కలకు వచ్చేసరికి సగం విచ్చి, గొంతు ముందు పూర్తిగా పూసిన పువ్వులు. నందివర్ధనం రేకులు నిటారుగా ఉండవు, ఐదూ ఒకే వైపుకు మెలి తిరిగి ఉంటాయి. కంప్యూటర్‌లో నగ గీసేవాళ్లు ఒక పక్క మాత్రమే గీస్తారట. అద్దంలో చూపినట్టు రెండో పక్క దానంతట అదే వచ్చేస్తుంది, సగం శ్రమ మిగులుతుంది. అలా చేస్తే ఎడమ పక్క పువ్వులు ఒక వైపు, కుడి పక్కవి ఇంకో వైపు తిరుగుతాయి.

"అట్ల తిరిగే నందివర్ధనం భూమ్మీద లేదత్తా. చెట్టు చేయని పని నేనెందుకు చేసేది" అని, ఇరవై మూడింటినీ విడివిడిగా గీసింది.

నా దగ్గర కోసిన పువ్వులో ఒక రేకు అంచు చీమ కొరికి ఉంది. నేను వేరేది కోసిస్తానన్నాను. వద్దంది. గొంతు గుంటకు ఎడమ పక్కన వచ్చే మూడో పువ్వులో ఆ కొరుకుడు కూడా అలాగే గీసింది. ఆచారి కూడా తెర తడిమి తడిమి, ఆ రేకు దగ్గర ఆగి, "ఇది తప్పా?" అని అడిగాడు. కాదు నాయనా, ఉన్నదే అంది. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ అడ్డిగ మీద కన్యక పెద్ద ఆశే పెట్టుకుంది. టి.నగర్‌లో ఒక నగల షాపు ఉంది. అక్కడ కొత్త నగలు ఎంపికచేసే ఆరతి అనే ఆవిడ, ఏదో ప్రదర్శనలో కన్యక పని చూసి మాట్లాడింది. మార్కెట్‌లో ఎవరూ చూడని నగ ఒకటి తెస్తే, దాన్ని కన్యక పేరుతోనే అద్దాల బీరువాలో పెడతామని, ఏడాదిపాటు వరసగా పని ఇస్తామని చెప్పింది. ఒక్కటే షరతు. ఎవరూ చూసి ఉండకూడదు. అక్షయ తృతీయ రద్దీ అయ్యాక, మే మొదటి సోమవారం వెండిలో చేసిన నమూనాతో రమ్మంది. పెళ్లికూతురి తల్లి షాపు పేరు చెప్తుంటే నోరు మూసుకుని కూర్చున్న కన్యకకు, తన పేరు ఒక నగ కింద ఉండటం అంటే ఏమిటో నాకు చెప్పాల్సిన పనిలేదు. ఈ సంగతి తండ్రికి చెప్పింది, నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. నమ్మితే నమ్మండి, మా ఆయనకు కూడా చెప్పలేదు.

గీసిన దానికి రెండే కాపీలు. ఒకటి ఆమె కంప్యూటర్‌లో. రెండోది చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, దేవుడి గూట్లో కుంకుమ డబ్బా వెనక పెట్టింది. ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదని ఆమె ఉద్దేశం.

ఏప్రిల్‌లో, అక్షయ తృతీయకు వారం ముందు, పేపర్‌లో పెట్టి పంచే రంగుల కాగితం ఒకటి వచ్చింది. ఏదో నగల షాపు ప్రకటన. అల్మారా అరలో పరుద్దామని మడత విప్పాను. మధ్యలో పెద్దగా ఒక అడ్డిగ. పువ్వులన్నీ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయి. కళ్లద్దాలు తెచ్చుకుని ఎడమ పక్క మూడో పువ్వు చూశాను. రేకు కొరికి ఉంది. అది మా డ్రమ్ములో పూసిన పువ్వు. నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు?

కన్యక పనికి బయలుదేరుతుంటే మెట్ల దగ్గర ఆపి కాగితం ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో పువ్వూ వేలితో లెక్కపెట్టింది. ఇరవై మూడు ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"మా పట్టరైలో ఇది చేయలేదత్తా. చేసుంటే నేను చూసుంటాను. బయటెక్కడో చేయించినారు" అంది. కాగితం మడిచి, "ఎవరిచ్చినారు?" అంది.

పట్టరైలో మైనపు యంత్రం నడిపే కార్తీ అనే అబ్బాయి ఉన్నాడు. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుని తినేవాళ్లు. వెండి నమూనా కోసం మైనంలో పువ్వులు చేసిచ్చింది అతనే, ఎవరికీ తెలియకుండా. ఫిబ్రవరిలో ఆమె కంప్యూటర్ మొరాయిస్తే ఇంటికొచ్చి బాగుచేసింది కూడా అతనే. కన్యక మనసు తిన్నగా అతని మీదికే పోయింది. నా మనసూ అంతే అనుకోండి. నేనే ఒక మాట ఎక్కువ వేశాను కూడా, ఆ అబ్బాయి చూపు నాకు మొదటి నుంచీ నచ్చలేదని. అది అబద్ధం. వాడి చూపులో ఏమీ లేదు.

ఆ రోజు కన్యక పట్టరైలో పదిమంది ముందు అతన్ని నిలదీసింది. అతను మొదట నవ్వులాట అనుకున్నాడట. నిజంగానే అడుగుతోందని తెలిశాక, చేతిలోని బ్రష్ కింద పెట్టి, "నువ్వా నన్ను అడగతా ఉండేది?" అన్నాడట. తర్వాత ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాడు.

అది విన్నాక నాకు స్థిమితం లేదు. తప్పు చేసినవాడు వాదిస్తాడు, ఒట్లు పెడతాడు. డబ్బా తీసుకుని వెళ్లి మెట్ల మీద కూర్చోడు. నేను కూరగాయలు తరుగుతూ ఆలోచించాను. కాపీలు రెండే. కంప్యూటర్ తెరవాలంటే ఆమె పెట్టుకున్న గుర్తు మాట తెలియాలి. బాగుచేసే రోజు కన్యక పక్కనే కూర్చుంది. మైనం పువ్వులు చేసిన రోజు కూడా పక్కనే ఉండి, అయ్యాక యంత్రంలోంచి బొమ్మను తన చేత్తోనే చెరిపేసింది. ఇక మిగిలింది దేవుడి గూడు. ఆ గూట్లో పొద్దున దీపం పెట్టేదెవరు?

మర్నాడు కన్యక వెళ్లాక, మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్లాను. ఆచారి గడప పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకానిదాన్ని.

"అన్నా, కుంకుమ డబ్బా వెనక ఉండింది ఎవరైనా తీసినారా?" అన్నాను.

ఆయన మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టడానికి నేల తడుముకున్నాడు.

"నేనే తీసినా" అన్నాడు.

దొంగతనం ఒప్పుకుంటున్న మనిషిలా లేడు. అప్పు తీర్చి వచ్చిన మనిషిలా ఉన్నాడు. గోపాలస్వామి అడిగాడా అన్నాను. అడగలేదట. టి.నగర్ సంగతి కూతురు చెప్పినప్పటి నుంచి తనకే అన్నం సయించలేదట. ఒక ఆదివారం ఆటో చేసుకుని, కూతురికి గుడికని చెప్పి, గోపాలస్వామి ఇంటికి వెళ్లి, తాంబూలం పళ్లెంలో పెట్టి ఇచ్చేశాడట.

"ఎందుకన్నా?"

"నలభై ఏండ్లు ఆ పట్టరైలో కూర్చున్నా వరదమ్మా. సాయంత్రం లేచేటప్పుడు బట్టలు విదిలించి, కాళ్లూ చేతులూ గంగాళంలో కడుక్కొని, ఆ నీళ్లు గూడా ఆడనే వదిలేసి వస్తిని. నీళ్లల్లో బంగారం పొడి ఉంటాది, అది మొదలాళిది, పట్టరై యజమానిది. గోటి సందులో ఉండేదీ ఆయనదే. ఇంటికి అంటుకొని వస్తే మళ్లా పోయి ఇచ్చి వచ్చినా. ఇది నేర్చింది యాడ? ఆయన బల్ల మీద. నేర్పించింది ఎవురు? ఆయన. దాన్ని మోసుకొనిపోయి ఇంకో అంగడిలో పెడతా ఉంటే, నేను చూస్తా కూర్చోవాల్నా?"

నాకు కోపం వచ్చింది. "అది బంగారం పొడి కాదన్నా. ఆ బిడ్డ తలలోంచి వచ్చింది" అన్నాను.

"తల మాత్రం ఎవురు తయారుచేసినారు?" అన్నాడు.

నేల మీది గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. పళ్లెం తీసుకుని గోపాలస్వామి ఏమన్నాడని అడిగాను. కళ్లకద్దుకున్నాడట. ఆ పెద్దమనిషి కళ్లకద్దుకుని, కోయంబత్తూరులో పోత పోయించి, ఒక షాపువాళ్లకు ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

శుక్రవారం లోపల నువ్వే కూతురికి చెప్పు అని ఆచారికి గడువు పెట్టి వచ్చాను. బుధవారం, గురువారం మా వంటింటి కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆయన చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం నేనే వెళ్లి ఇద్దరి మధ్యా కూర్చున్నాను. కన్యక బీన్స్ తరుగుతోంది. చెప్పన్నా, అన్నాను. ఆయన చెప్పాడు. నాకు చెప్పినట్టే, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాడు.

కన్యక కత్తి పక్కన పెట్టింది. కార్తీ పేరు ఒకసారి పైకి అంది, ఎవరితోనూ కాదు. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"నన్ను ఒక్క మాట అడిగినావా నాయనా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాను."

"అందుకే అడగలే."

"ఒక్కో పువ్వూ నీకు చూపించినా కదా. ఈడ బరువు తీసేయమన్నావు, తీసేసినా. మెడ వెనక మొగ్గలు పెట్టమన్నది నువ్వే. అప్పుడు అది ఎవురిదనుకొంటివి?"

ఆయన పంచె అంచు వేళ్లతో సరిచేసుకున్నాడు. "నేను దొంగ బిడ్డను పెంచలే" అన్నాడు.

ఆ మాట ఆయన గర్వంగా అన్నాడో బాధగా అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. కన్యక కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. బీన్స్ పూర్తిగా తరిగింది. వండింది. తండ్రికి వడ్డించింది, నీళ్ల చెంబు ఆయన చేతికి అందేలా కుడి పక్కన పెట్టింది. రోజూ ఎలా చేస్తుందో అలాగే. ఆ సాయంత్రం ఆమె గిన్నెలు విసిరి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

సోమవారం ఆమె గోపాలస్వామి దగ్గరికి వెళ్లింది. ఆయన గొంతు పెంచలేదట. నేను మీ ఇంటికొచ్చి అడిగానా, మీ నాయన చేతులారా ఇచ్చాడు, ఇచ్చింది వద్దంటే పెద్దాయన్ని అవమానించినట్టు కాదా అన్నాడట. ఇంకో మాట కూడా అన్నాడు, మీ నాయన మాదిరి మనుషులు ఇప్పుడెక్కడున్నారని. కన్యక ఆ మధ్యాహ్నమే డబ్బా, చెప్పులు, కుర్చీ మీద వేసుకునే దిండు తీసుకుని వచ్చేసింది. వచ్చే ముందు కార్తీ దగ్గర నిలబడి తప్పయిందని చెప్పింది. పరవాలేదక్కా అన్నాడట. ఆరేళ్లలో అతను ఆమెను ఎప్పుడూ అక్కా అని పిలవలేదు, పేరు పెట్టే పిలిచేవాడు. పని పోయినదానికన్నా ఆ పిలుపు గురించే ఆమె నాతో ఎక్కువసార్లు చెప్పింది.

మే మొదటి సోమవారం టి.నగర్ వెళ్తానంది. ఇంకెందుకే అన్నాను. వస్తానని చెప్పాను కదా, వెళ్లాలి అంది. తోడుగా నేనూ వెళ్లాను. ఏసీ గది, మెత్తని సోఫా, చిన్న గాజు గ్లాసులో బాదంపాలు. ఆరతి నా కోడలి వయసుది. కన్యక వెండి అడ్డిగను నల్లని మఖమల్ మీద పరిచింది. ఆరతి ముందే కాగితం చూసి ఉంది, ఆ కాగితం ఆమె బల్ల మీదే ఉంది. అయినా నమూనా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కొరికిన రేకును బొటనవేలితో రాసింది.

"ఇది మీదేనని నాకు తెలుస్తోంది. కాగితంలో దాంట్లో రేకులు మందంగా ఉన్నాయి, ఎవరో చెడగొట్టారు. కానీ ఊరంతా చూసేశారు కన్యకగారూ. నేనేం చేయలేను" అంది. తర్వాత అడిగింది, "ఎవరిచ్చారు బయటికి?"

నేను కన్యక మోచేయి నొక్కాను. పనిచోట ఎవరో అని చెప్పొచ్చు. తెలియదని చెప్పొచ్చు.

"మా నాయన" అంది కన్యక.

ఆరతి అడ్డిగను మఖమల్ మీద పెట్టేసింది. ఆమె మంచిదే, మొహంలో కష్టం కనబడింది. కానీ అడగాల్సింది అడిగింది. "మరి రేపు మా షాపు డిజైన్లు మీ ఇంట్లో ఎలా ఉంచమంటారు?"

కన్యక అడ్డిగను తీసి పెట్టెలో సర్దుకుంది. చివరికి ఆరతే, ఆడి మాసం, అంటే మన ఆషాఢం, అయ్యాక ఇంకో కొత్తది తీసుకుని రండి, చూస్తాను, మాట ఇవ్వను అంది. ఆ ఇంట్లో గీసింది మాత్రం వద్దంది.

బస్సులో నేను ఊరుకోలేకపోయాను. ఒక్క అబద్ధం చెప్పుంటే ఏం పోయేదని గొడవపడ్డాను.

"అబద్ధం చెప్తే ఆయన నన్ను అన్న మాట నిజమైపోతాది కదత్తా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మా ముందు గది ఖాళీగానే ఉంది, ఆడ కూర్చుని గీసుకో, తాళం నీ దగ్గరే పెట్టుకో అన్నాను. ఆ రోజుల్లో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. "నువ్వు అడగకుండా ఉండలేవు. నువ్వు అడిగితే నేను చెప్పకుండా ఉండలేను. నీ గది వద్దత్తా" అంది. నాకు చురుక్కుమంది.

ఇప్పుడు తొండియార్‌పేటలో ఒక చిన్న పనికొట్టులో చేరింది. వెండి పట్టీలు, కాలి మెట్టెలు గీస్తుంది. పొద్దున కంప్యూటర్ సంచీ భుజానికి తగిలించుకుని వెళ్తుంది, సాయంత్రం అదే సంచీతో వస్తుంది. రేషన్ కొట్టుకు వెళ్లినా ఆ సంచీ భుజం మీదే ఉంటుంది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు కూడా పక్కన గోడ మీద పెట్టుకుంటుంది. ఆచారికి ఏ లోటూ లేదు. మందులు వేళకు ఇస్తుంది, కళ్లలో చుక్కలు తనే వేస్తుంది, గడ్డం చేయించడానికి ఆదివారం తనే మంగలిని పిలుస్తుంది. తెర మాత్రం ఆయన ముందు పెట్టదు. సాయంత్రం ఆయన కుర్చీ ముందు గదిలోకి జరుపుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఈ రోజు ఏం గీసినావమ్మా అని అడుగుతాడు. పట్టీలు నాయనా, అంటుంది. ఎట్లాంటివి అంటాడు. మామూలువి, అంటుంది.

కిటికీలోంచి ఇదంతా నాకు వినబడుతుంది. వినకుండా ఉండాలని పొయ్యి ఇటువైపు మార్చుకున్నాను. అయినా వినబడుతుంది.

నిన్న మధ్యాహ్నం ఆచారి కర్ర పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చాడు. ఆయన తనంతట తాను మా ఇంటికి రావడం అదే మొదటిసారి. లోపలికి రమ్మంటే రాలేదు. నందివర్ధనం డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"వరదమ్మా, అది కొత్తది ఏందో గీస్తా ఉండాది. మణికట్టు పట్టీ మళ్లా బిగించి కట్టుకొంటా ఉండాది, నాకు తెలుస్తాది. ఏందో నీకేమన్నా చెప్పిందా?" అని అడిగాడు.

"నాకూ చెప్పలేదన్నా" అన్నాను.

అది నిజం. నేనూ అడగలేదు. ఆయన నా మాట నమ్మాడో లేదో, కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎండగా ఉంది, లోపల కూర్చోమని మళ్లీ అన్నాను. వద్దులే అని, కర్రతో దారి చూసుకుంటూ వెళ్లిపోయాడు.